తోటమాలి విముక్తి

మా వీధిలో ఒక అపూర్వ కళాఖండం బయటపడిందనీ, నిపుణులు దాన్ని పరీక్షించి, నిర్ధారించి, శాస్త్రోక్తంగా కత్తిరించి ప్రజలకు అంకితం చేశారనీ తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. ఈ మహత్కార్యం జరిగిన ఇంట్లో మేడమీది వాటాలో అద్దెకుంటున్నవాణ్ణి కాబట్టి, మెట్లు ఎక్కుతూ దిగుతూ చాలావరకు కళ్ళారా చూశాను. చూడనిది గోడల పుణ్యమా అని విన్నాను. ఆ ఇంటి గోడలు కాంట్రాక్టరుగారు స్వయంగా కట్టించినవి. ఏ మాటనూ తమలో దాచుకోవు.

కాంట్రాక్టరుగారంటే ఆ ఇంటి పెద్ద కొడుకు. రెండోవారు బ్యాంకు ఆఫీసరు. వాళ్ళిద్దరి తర్వాత చాలాకాలానికి పుట్టిన చెల్లెలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ చూపు పరీక్షించి, ఏ అద్దం పెడితే అక్షరం కనిపిస్తుందో చెప్పడం ఆమె పని. సొంత అన్నల చూపు మాత్రం ఆమె ఎన్నడూ పరీక్షించలేదు. వాళ్ళూ తమకేదో కనిపించడం లేదని ఎన్నడూ అనుకోలేదు.

వీళ్ళ నాన్నగారు నీటి సరఫరా శాఖలో మీటర్లు చూసి రిటైరై, వెనక గదిలో చాలాకాలం ఉండి, ఈ మధ్యనే పోయారు. ఉన్నంతకాలం కొడుకులు ఆయన్ని ఎంతో గౌరవంగా చూసుకున్నారు. ఆయన ఏదైనా చెప్పబోతే చాలు, "మీరు ఊరుకోండి నాన్నా, మీకెందుకు శ్రమ" అని మాట్లాడే శ్రమ లేకుండా చేశారు. ముందుగదిలోకి వచ్చి కూర్చోబోతే, వచ్చేపోయేవాళ్ళతో మొహమాటమని ఆ ఇబ్బంది కూడా తప్పించారు. కారు షెడ్డు కట్టించేటప్పుడు వెనక గది కిటికీ అడ్డొస్తే, ఎండ కళ్ళలో పడుతోంది పాపం అని దాన్ని మూయించారు. ఇంతటి గౌరవం మధ్య ఆయన మాట్లాడటానికి మిగిలింది ఇద్దరే. ఒకరు కూతురు, రెండోది గోడమీది బొమ్మ.

ఆ బొమ్మ సంగతి చెప్పాలి. పుస్తకం అట్టంత కాగితం. పారశీకమో మొగలాయో, ఆ తరహా పని. తోటలో మండపం, మండపంలో పరుపుమీద రాజుగారు, చేతిలో గులాబీ. ఎదురుగా చేతులు కట్టుకున్న మంత్రి. కాస్త ఎడంగా కళ్ళెం పట్టుకున్న సేవకుడు, ఆ కళ్ళేనికి గుర్రం. పిల్ల కాలవలో బాతులు. అన్నీ వెంట్రుకంత సన్నటి గీతలతో, భూతద్దం పెట్టుకుంటే తప్ప బాతులకు కళ్ళున్నాయని తెలియనంత చిన్నగా ఉంటాయి. వాళ్ళ తాతగారు ఏదో పాత బంగళా సామాను వేలంపాటలో కుర్చీ ఒకటి కొన్నారట. ఆ కుర్చీ విరిగాక దాని అడుగున అట్టల మధ్య ఈ కాగితం దొరికింది. అప్పటికే కింది మూలను పురుగు తినేసింది.

చెల్లెలు పలక పట్టే వయసులో ఆ చిల్లు చూసి, "రాజుగారి తోటలో గొయ్యేమిటి నాన్నా, చీకట్లో పడిపోరూ?" అని బెంగపెట్టుకుందట. తండ్రి ఆ సాయంత్రమే వెనక నుంచి ఒక కాగితం ముక్క అతికించి, కూతురి బళ్ళో రంగుల పెట్టె తెరిచి, కుంచె నాలిక మీద తడిపి ఆ గొయ్యి పూడ్చాడు. పూడ్చినచోట ఒక తోటమాలిని నిలబెట్టాడు. తోటమాలికి తన ముఖమే పెట్టుకున్నాడు. బట్టతల, కళ్ళజోడు, చేతుల్లేని బనియను, చేతిలో నీళ్ళ డబ్బా. "మరి నీ గడియారమో?" అని పిల్ల పట్టుబడితే ఎడమ మణికట్టుకు గడియారం కూడా చుట్టాడు. ఆ మూల అంతా కలిపి అగ్గిపెట్టెంత ఉంటుంది. చెల్లెలికి తండ్రి మిగిల్చిపోయిన ముఖం అదొక్కటే. ఇంట్లో ఉన్న ఫోటో ఆఫీసు గుర్తింపు కార్డుది, అందులో ఆయన నీళ్ళ బిల్లు కట్టనివాడిలా భయపడుతూ ఉంటాడు.

ఇదంతా చెల్లెలు మా ఆవిడకు చెప్తే మా ఆవిడ నాకు చెప్పింది. అన్నలకు తెలియదు. గోడమీద ఏముందో తెలియాలంటే ముందు ఆ గదిలోకి వెళ్ళాలి కదా.

కర్మకాండలన్నీ అయ్యాక పంపకాలకు కూర్చున్నారు. పెద్దరికం కోసమని నన్నూ ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. చెల్లెలు తన వంతు రాగానే, "ఇల్లు మీరిద్దరే పంచుకోండన్నయ్యా. నాకు నాన్న గదిలో బొమ్మ ఒక్కటీ ఇవ్వండి, చాలు" అంది.

చూడండి, ఆమె సగం ఇల్లు అడిగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. అన్నలు హాయిగా పోట్లాడేవారు, బంధువులు హాయిగా సర్దిచెప్పేవారు, అన్నీ పద్ధతి ప్రకారం జరిగిపోయేవి. ఒక్క బొమ్మ అడిగేసరికి అందరికీ అనుమానం పుట్టింది. కాంట్రాక్టరుగారి అనుభవంలో, మనిషన్నవాడు తక్కువ అడిగాడంటే ఆ తక్కువలో ఎక్కువ ఉంటుంది.

లోపలికి వెళ్ళాక కాంట్రాక్టరుగారి భార్య గోడలకు వినపడేలా రహస్యంగా అంది. "అంత పిచ్చిదేం కాదండీ మీ చెల్లెలు. ఇల్లు వదులుకుంటానంటోందంటే, ఆ బొమ్మ ముందు ఈ ఇల్లు ఏ మూలకన్నమాట?"

"కళ్ళద్దాల షాపులో పెద్ద పెద్ద వాళ్ళొస్తారొదినా," అన్నారు బ్యాంకు ఆఫీసరు. "ఎవరో చెప్పుంటారు దానికి."

మర్నాడు తీర్మానం ప్రకటించారు. ఆస్తిలో ఏ వస్తువునైనా విలువ తేల్చకుండా ఇచ్చేయడం బ్యాంకింగ్ సూత్రాలకు విరుద్ధం. కనుక బొమ్మను నిపుణులచేత మదింపు చేయించాలి. నకిలీదని తేలితే చెల్లెలికి సంతోషంగా ఇచ్చేస్తారు. అసలుదని తేలితే అమ్మి పంచుకుంటారు. ఈ న్యాయం వల్ల తండ్రి జ్ఞాపకం తనకు దక్కాలంటే అది ఎందుకూ పనికిరానిదని రుజువు కావాలని చెల్లెలు ఆశపడాల్సి వచ్చింది. దుకాణంలో చూపు పరీక్షిస్తూనే, తెల్లవారితే వచ్చే నిపుణుడు గుడ్డివాడై ఉండాలని ఆమె మొక్కుకుందంటే నాకు తప్పనిపించలేదు.

మొక్కు అయితే తీరింది గాని, ఆమె అనుకున్నట్టుగా కాదు.

కాంట్రాక్టరుగారు పిలిపించిన నిపుణుడు కారు దిగేసరికే తెల్లటి చేతితొడుగులు వేసుకుని ఉన్నాడు. తలుపు తీసేటప్పుడూ వాటిని తీయలేదు, టీ తాగేటప్పుడూ తీయలేదు. బొమ్మను చేతిలోకి తీసుకునేటప్పుడు మాత్రం పట్టు చిక్కడం లేదని తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన వృత్తిలో బొమ్మను చూడటం ఆఖరి పని. మొదట గుమ్మం దగ్గర చెప్పులు చూడాలి. చెప్పుల్ని బట్టి ఇంటివాళ్ళ ఆశ ఎంతో తెలుస్తుంది. తర్వాత సోఫా చూడాలి, పరదాలు చూడాలి. కాంట్రాక్టరుగారి సోఫా మీద కూర్చోగానే ఆయన బొమ్మను ఒక శతాబ్దం వెనక్కి జరిపాడు. గోడంత టీవీ చూశాక ఇంకో అర్ధ శతాబ్దం జరిపాడు. ఫ్రిజ్ తలుపు తీసి ఉంటే క్రీస్తు పూర్వానికి వెళ్ళిపోయేదేమో.

"గులాబీ చూశారా?" అన్నాడు బొమ్మను వెలుగులోకి పెట్టి. "గులాబీ పట్టుకున్నాడంటే పారశీకం. అందులో తిరుగులేదు."

"కింద సంతకం లేదు కదండీ?" అన్నారు బ్యాంకు ఆఫీసరు, వృత్తి అలవాటు కొద్దీ.

"అదే నేననేది! సంతకాలు చేసేది చెక్కులు రాసేవాళ్ళు. మహా చిత్రకారులు సంతకం చేయరు. ఈ బొమ్మలో సంతకం ఎంత స్పష్టంగా లేదో మీరే చూడండి."

అందరూ చూశారు. నిజంగానే చాలా స్పష్టంగా లేదు.

ఒక చిన్న వివరం. బొమ్మ నకిలీదని తేలితే నిపుణుడికి టీ, రెండు బిస్కట్లు ముడతాయి. అసలుదని తేలితే అమ్మకంలో వాటా ముడుతుంది. బహుశా అందువల్లనేనేమో, ఇన్నేళ్ళ సేవలో నకిలీ బొమ్మ అన్నది ఆయన కంటపడనే లేదు. కొందరి చేతివాసి అలాంటిది.

అన్నగారు తెచ్చిన నిపుణుడి మాట తమ్ముడుగారు నమ్మితే ఆ కుటుంబం కుటుంబమే కాదు. అందుకని బ్యాంకు ఆఫీసరు తన వంతుగా ఒక ఆచార్యులవారిని తీసుకొచ్చారు. ఈయన ప్రాచీన చిత్రాల్లో గుర్రపు గిట్టల మీద పరిశోధన చేసి, గిట్టల మీదనే ఉపన్యాసాలిచ్చి, గిట్టల మీదనే ఆచార్య పదవి దాకా నడిచివచ్చిన పండితుడు. బొమ్మను గుర్రం కాళ్ళ దగ్గర చూడటం మొదలుపెట్టి, మోకాళ్ళ దాకా వచ్చి ఆపేశారు. రాజుగారు ఉన్నారని ఎవరో చెబితే, "ఉండనివ్వండి, ఆయనతో మనకేం పని?" అన్నారు. గిట్టలు గుండ్రంగా ఉన్నాయి కనుక ఇది ముమ్మాటికీ మొగలాయి అని తేల్చారు.

పారశీకానికీ మొగలాయికీ మధ్య ఆ ముందుగదిలో జరిగినంత యుద్ధం చరిత్రలో జరిగి ఉండదు. ఒకాయన గులాబీ ఎత్తి కొడతాడు, ఒకాయన గిట్టతో తంతాడు. అన్నదమ్ములు ఎవరి నిపుణుడి వెనక వాళ్ళు నిలబడి, అర్థం కాని ప్రతి మాటకూ తల ఊపారు. చివరికి, బొమ్మ పారశీకంలో పుట్టి మొగలాయిలో పెరిగిందనీ, ఏది ఏమైనా అసలుదేననీ ఉమ్మడి ప్రకటన వెలువడింది. రెండు పక్షాల గౌరవానికీ భంగం లేకుండా ఇంత చక్కటి రాజీ ఏ దేశాల మధ్యా కుదిరినట్టు నేను వినలేదు.

చెల్లెలు అప్పటిదాకా గుమ్మం పక్కన నిలబడి ఉంది. అసలుదన్న మాట వినగానే ముఖం పాలిపోయింది. లోపలికి వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, "ఒక్క మాటండీ. ఆ కింది మూల పాతది కాదు. అది మా నాన్న వేశారు. నా బళ్ళో రంగులతో" అంది.

ఇద్దరు నిపుణులూ మొట్టమొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పాఠకులకు ఇక్కడ ఆ రంగంలోని ప్రాథమిక సూత్రం ఒకటి తెలియాలి. ఇంటివాళ్ళు "ఇది అసలుది" అంటే అంటగట్టాలని చూస్తున్నారని అర్థం. "ఇది నకిలీది" అంటే దాచుకోవాలని చూస్తున్నారని అర్థం. ఏ రకంగా చూసినా ఇంటివాళ్ళు చెప్పినదానికి తిరగేసింది నిజం. ఈ సూత్రం వల్ల ఎందరో అబద్ధాలకోర్లు పట్టుబడ్డారు. నిజం చెప్పేవాళ్ళు కూడా ఉంటారేమోనన్న సందేహం ఆ శాస్త్రానికి ఇంతవరకు రాలేదు, వచ్చే అవసరమూ కలగలేదు.

చేతితొడుగులాయన భూతద్దం తీశాడు. ఇన్నాళ్ళుగా ఎవరూ చూడని మూలను ఇద్దరూ తలలు కలిపి చూశారు.

"అతుకుంది!" అన్నాడు ఆయన, ఊపిరి బిగబట్టి.

"రంగు చూడండి, రంగు!" అన్నారు ఆచార్యులవారు. "రాజు వెలిసిపోయాడు, మంత్రి వెలిసిపోయాడు, నా గుర్రం కూడా... నిజం ఒప్పుకోవాలి, వెలిసిపోయింది. వీడు మాత్రం నిన్న పుట్టినట్టున్నాడు. ఇన్ని శతాబ్దాలైనా వన్నె తగ్గని ఆకుపచ్చ అండీ ఇది! దీని రహస్యం ఎవరికీ తెలియదు."

"బళ్ళో రంగులండీ," అంది చెల్లెలు. "వీధి చివర పుస్తకాల షాపులో దొరికేవి."

ఆమె గబగబా లోపలికి వెళ్ళి రంగుల పెట్టె తెచ్చింది. ఆకుపచ్చ బిళ్ళ మధ్యలో తండ్రి కుంచె తిప్పిన గుంట ఇంకా ఉంది. ఆచార్యులవారు దాన్ని రెండు చేతులతో అందుకుని, ప్రాచీన వర్ణాలను నేటి పరిశ్రమ అనుకరించడానికి చేసిన విఫలయత్నానికి ఇది మంచి ఉదాహరణ అని, మ్యూజియానికి పనికొస్తుందని సంచిలో వేసుకున్నారు.

"అది గడియారం కాదూ?" అంది ఆమె, తోటమాలి మణికట్టు చూపించి. "రాజుల కాలంలో చేతి గడియారాలు ఉన్నాయా? చూడండి, నేనే వేయమన్నాను."

"అది కంకణమమ్మా. ప్రభువు మెచ్చి తొడిగిన కంకణం. మీకు గడియారాలు అలవాటు కాబట్టి గడియారంలా కనిపిస్తుంది."

"మరి కళ్ళజోడు?"

"దూరదృష్టికి సంకేతం."

"బనియనండీ!"

"కవచం లోపల వేసుకునేది. అంటే ఈ తోటమాలి ఒకప్పుడు యోధుడు." ఆచార్యులవారి కళ్ళు చెమ్మగిల్లాయి. "యుద్ధాలు చాలించి మొక్కలకు నీళ్ళు పోస్తున్న యోధుడు! ఎంతటి భావనండీ!"

ఆమె ఆఖరి ప్రయత్నంగా గుర్తింపు కార్డు తెచ్చి ఫోటోను బొమ్మ పక్కన పెట్టింది. "ఇదిగోండి మా నాన్న. అదే ముఖం. మీరే పోల్చి చూడండి."

పోల్చి చూశారు. ఆ క్షణాన గదిలో అద్భుతం జరిగింది. ఇద్దరు నిపుణులూ ఒకేసారి లేచి నిలబడి కాంట్రాక్టరుగారికి నమస్కారం పెట్టారు. తోటమాలి రూపంలో తనను తాను చిత్రించుకున్న ఆ అజ్ఞాత మహా చిత్రకారుడి వంశం ఇంకా నిలిచి ఉందనీ, ఆ వంశాంకురాలే తమ ఎదుట సోఫాలో కూర్చుని ఉన్నాయనీ ప్రకటించారు. అన్నదమ్ములు బొమ్మలోని ముఖాన్ని అప్పుడు చూశారు. మొదటిసారి చూశారు. "పోలిక ఉందిరోయ్," అన్నారు కాంట్రాక్టరుగారు తమ్ముడితో. "నాన్నది కాదు గాని, నాది ఉంది. ఈ గడ్డం చూడు." తమ్ముడుగారు తనకు చెవులు వచ్చాయన్నారు.

ఆ తర్వాత నివేదిక ఎంతో సులువుగా తయారైంది. అతుకు ఉంది కాబట్టి రెండు చేతులు పనిచేశాయి. రెండింటిలో ఒకటే అసలుది. మూలలో ఉన్నది అసలుదైతే, మిగిలిన రాజూ మంత్రీ గుర్రమూ బాతులూ ఎవడో బజారు చిత్రకారుడు ఆ అమూల్యమైన ముక్క చుట్టూ అమ్మకం కోసం అల్లుకొచ్చినవి. రాజు అచ్చం రాజులా ఉండటమే అతని నకిలీతనానికి తార్కాణం. గిట్టలు గుండ్రంగా ఉండటం అనుమానాస్పదం. నిజమైన కళాహృదయం ఉన్నవాడు గుర్రం మీద ఇంత శ్రద్ధ పెట్టడని రాసేముందు ఆచార్యులవారు గుర్రాన్ని మరొక్కసారి భూతద్దంలో చూసుకున్నారు. శాస్త్రం కోసం సొంత గుర్రాన్ని బలి ఇచ్చిన ఆ త్యాగాన్ని మనం గుర్తుంచుకోవాలి. ఇక రాజు పాతవాడో కాదో నాకూ తెలియదు. నా అజ్ఞానానికి ఎవరూ ఫీజు ఇవ్వరు కాబట్టి నేను నివేదిక రాయలేదు.

నివేదికలో చివరి వాక్యం ఇది: "అసలైన అంశమును నకిలీ పరిసరముల నుండి తక్షణమే విముక్తము చేయవలసి యున్నది."

విముక్తి అంటే బ్లేడు.

భోజనాల బల్లమీద తెల్లగుడ్డ పరిచారు. చేతితొడుగులాయన మళ్ళీ చేతితొడుగులు తీసేశాడు. చెల్లెలు పరుగున వచ్చి పెద్దన్న చేయి పట్టుకుంది. "కోయొద్దన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. సరే, కోసినా కోయండి. రాజూ గుర్రమూ అన్నీ మీరే తీసుకోండి. ఇల్లొద్దు, ఏమీ వద్దు. ఆ మూల ముక్క నాకిచ్చెయ్యండి. అది నాన్న అన్నయ్యా!"

చేతితొడుగులాయన కాంట్రాక్టరుగారి వైపు అర్థవంతంగా చూశాడు. ఏమీ వద్దు, ఆ ముక్క చాలు అంటోంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? ఆ ఒక్క మాటతో తోటమాలి విలువ ఉన్నపళంగా పెరిగిందని ఆయనే తర్వాత నాకు చెప్పాడు. ఇల్లుగలవాళ్ళ వ్యవహారంలో అద్దెకున్నవాడి మాటకు స్థానం లేదు కాబట్టి కిటికీ బయటికి చూశాను. కాగితం కోసేటప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు.

అన్నలు ఎంతైనా అన్నలు. మాట తప్పలేదు. నకిలీదని తేలిన భాగాన్ని, అంటే రాజుగారినీ మంత్రినీ గుర్రాన్నీ బాతుల్నీ పైసా అడగకుండా చెల్లెలి చేతిలో పెట్టారు. "నువ్వడిగిన బొమ్మ నీకే ఇచ్చాం. రేపెప్పుడైనా అన్నయ్యలు అన్యాయం చేశారనకు," అన్నారు బ్యాంకు ఆఫీసరు. ఆమె మూల లేని ఆ కాగితాన్ని కొంగులో చుట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మ్యూజియంవాళ్ళు తోటమాలిని కొన్నారు. అగ్గిపెట్టెంత బొమ్మకు తలుపంత ఫ్రేము కట్టించారు. ఫ్రేముకు అద్దం, అద్దం ముందు తాడు, తాడు పక్కన కాపలాదారు. ఆవిష్కరణ సభలో కాంట్రాక్టరుగారి ప్రసంగం పేపర్లలో పడింది. "ఈ మహనీయుణ్ణి మా కుటుంబం కంటికి రెప్పలా కాపాడుకుంది! ఎండ తగలనివ్వలేదు, గాలి తగలనివ్వలేదు, పరాయివాళ్ళ కంట పడనివ్వలేదు! ఆయన్ని మా గుండెల్లో పెట్టుకున్నాం!" అన్నారు. గుండెల సంగతి నేను చెప్పలేను. ఎండ, గాలి, పరాయివాళ్ళ సంగతి మాత్రం అక్షరాలా నిజం. మేడమీంచి నేను స్వయంగా చూశాను.

ఆచార్యులవారు గిట్టలు వదిలేసి తోటమాలి చిత్రకారుడి జీవితచరిత్ర రాశారు. లావుపాటి పుస్తకం. అందులో ఆ మహానుభావుడు కొడుకుల ఆదరణలో, పాండిత్య గోష్ఠుల మధ్య, నిండు సభలో పాట వింటూ కన్నుమూశాడు. అది చదివి కాంట్రాక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. పూర్వం మనుషులు తండ్రుల్ని అలా చూసుకునేవారు, ఇప్పుడెక్కడ అన్నారు.

చెల్లెలు సెలవు దొరికినప్పుడల్లా మ్యూజియానికి వెళ్తుంది. టికెట్టు కొనుక్కునే వెళ్తుంది. ఒకసారి మా ఆవిడ పంపితే నేనూ తోడు వెళ్ళాను. గైడు జనానికి వివరిస్తున్నాడు. "చూపు గమనించండి. ప్రభువు సింహాసనం వైపు! ఎంత భక్తి, ఎంత విధేయత!" ప్రభువు బొమ్మలో లేడు కదా అని ఎవరో అన్నారు. అందుకే చూపులో ఎడబాటు కూడా ఉందన్నాడు గైడు.

"రాజు వైపు కాదండీ," అంది చెల్లెలు నెమ్మదిగా. "వేసేటప్పుడు 'నేనెటు చూడాలి బుజ్జీ?' అని అడిగారు. 'నా వైపు చూడు' అన్నాను."

"ఆధారం ఏదైనా ఉందా మేడమ్?" అన్నాడు గైడు, మర్యాదగానే.

ఆమె దగ్గర ఆధారం లేదు. అద్దానికి ఇంకాస్త దగ్గరగా వంగింది. "దూరంగా నిలబడండమ్మా, ఊపిరి తగిలితే బొమ్మ పాడవుతుంది," అన్నాడు కాపలాదారు. ఆమె తాడు వెనక్కి వచ్చి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. అలాంటి చోట పెద్దవాళ్ళు ఏడవడం బాగుండదని పక్కనున్న గుర్రాల బొమ్మల గది వైపు నడిచాను.

ఇంతటి చరిత్ర మా వీధిలో జరిగాక ఇరుగుపొరుగు ఊరుకుంటారా? అటకల మీదివన్నీ కిందికి దిగాయి, ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. ఎవరి గోడమీద ఏ మహానుభావుడు దాక్కున్నాడోనని చేతితొడుగులాయన్ని ఇంటింటికీ పిలిచారు. ఆయన వచ్చినచోటల్లా జనం బూజు దులిపి, పాత కాగితాలకు దణ్ణాలు పెట్టారు. మా ఆవిడ పోరు పడలేక నేనూ పిలిచాను. అద్దె ఇంట్లో మన గోడలేమిటి అనకండి. ఇంటివాళ్ళ తాతగారి సామానులోని బొమ్మ ఏదైనా మా వాటాలో మిగిలిపోయి ఉండవచ్చు కదా.

ఆయన వచ్చాడు. చెప్పులు చూశాడు, పెద్దగా ఉత్సాహపడలేదు. టీ తాగాడు. ముందుగదిలో గోడవారగా కుర్చీలో మా నాన్న కూర్చుని ఉన్నారు. వచ్చినాయన ఎవరో, ఏం వెతుకుతున్నాడో కనుక్కుందామని ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"ఆ పెద్దాయన్ని కొంచెం జరిపితే గోడ బాగా కనిపిస్తుంది," అన్నాడు నిపుణుడు.

నేనొకవైపు, మా ఆవిడొకవైపు పట్టుకుని కుర్చీతో సహా ఆయన్ని వరండాలోకి జరిపాం. గోడను భూతద్దంతో పై నుంచి కింద దాకా చూశాడు. ఏమీ లేదు. చేతితొడుగులు సవరించుకుంటూ, వెళ్ళేముందు అలవాటు ప్రకారం అడిగాడు.

"ఇంట్లో పాతవి ఇంకేమైనా ఉన్నాయా?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బాగా ఆలోచించి, ఏమీ లేవని చెప్పాం.